తాయ్‌చీలో నెమ్మది ఎందుకు? పాత చైనా వాక్యాలు నా కాళ్లకు అర్థమైన తీరు

మీరు అడిగింది మూడు విషయాలు. తాయ్‌చీ అంటే పార్కుల్లో పెద్దవాళ్లు చేసే నెమ్మది వ్యాయామమేనా? దాని వెనక చైనా ప్రాచీన గ్రంథాల సూత్రాలు నిజంగా ఉన్నాయా? 68 ఏళ్ల మీ నాన్నగారికి వీడియోలు చూపించి నేర్పించవచ్చా?

మాది హిందూపురం. సింగపూర్‌కి వచ్చి చాలా ఏళ్లయింది. పదకొండేళ్లుగా బిషన్ పార్కులో ఒక చిన్న జట్టుతో కలిసి తాయ్‌చీ చేస్తున్నాను. ఇప్పటికీ విద్యార్థినినే. మా జట్టుకు నేర్పేది రిటైరైన ఒక స్కూల్ టీచర్. ఆయన్ని అందరం లావ్‌షి అంటాం, గురువుగారు అని అర్థం. చైనా భాషలో పాత వాక్యం ఒకటి చెప్పి, దాన్ని ఇంగ్లిష్‌లో విప్పి, మా మోకాలో భుజమో పట్టుకుని సరిచేయడం ఆయన పద్ధతి. అందుకే నాకు ఆ వాక్యాలు పుస్తకంలో కన్నా ముందు ఒంటికే పరిచయమయ్యాయి.

ముందు పేరు సంగతి చెబుతాను, ఎందుకంటే సగం గందరగోళం అక్కడే ఉంది. తాయ్‌చీలోని 'చీ' అంటే ప్రాణశక్తి అని చాలామంది అనుకుంటారు. కాదు. ప్రాణశక్తికి చైనా భాషలో ఉన్న మాట వేరు, అక్షరం వేరు, పలికే తీరు కూడా వేరు. ఈ 'చీ'కి మూలార్థం ఇంటికప్పులో రెండు వాలులూ కలిసే చోట ఉండే పై దూలం. మన పెంకుటిళ్ల వెన్నుదూలమే అనుకోండి. దాన్నుంచే 'అన్నిటికన్నా పైన ఉండేది, ఇక దాటలేని హద్దు' అనే అర్థం వచ్చింది. 'తాయ్' అంటే మహా. పూర్తి పేరు తాయ్‌చీ చ్వాన్. చ్వాన్ అంటే పిడికిలి. అంటే ఇది పుట్టుకతో యుద్ధవిద్య, ఆరోగ్యం కోసం చేయడం తర్వాత పెరిగింది.

తాయ్‌చీ గురించి చెప్పేటప్పుడు జంటగా వినపడే యిన్, యాంగ్ అనే మాటలు కూడా ఇంత మామూలుగానే మొదలయ్యాయి. యిన్ అంటే కొండకు నీడ పడే వైపు, యాంగ్ అంటే ఎండ పడే వైపు. కొండ ఒకటే. పొద్దు తిరిగితే ఎండవైపు నీడవైపు అవుతుంది. మొదటి రోజున లావ్‌షి నా తల మీద వేలు ఆనించి, 'పైనుంచి ఎవరో దారంతో పట్టుకున్నట్టు నిలబడు, మెడ బిగించకు' అన్నారు. ఆ దూలానికి మన భాషలో 'వెన్ను' అనే మాటే పెట్టారని నాకు అప్పుడే తట్టింది. వెన్ను నిలబడితేనే రెండు వైపులూ సరిగా వాలతాయి.

ఇక గ్రంథాల సంగతి. 'తాయ్‌చీ' అన్న మాట యీ జింగ్, అంటే మార్పుల గ్రంథానికి చేర్చిన ప్రాచీన వ్యాఖ్యలో వస్తుంది. మార్పులో తాయ్‌చీ ఉంది, అది యిన్, యాంగ్ అనే రెండిటిని పుట్టిస్తుంది, ఆ రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి అని అక్కడ ఉంటుంది. 11వ శతాబ్దంలో జౌ దున్‌యి (1017-1073) అనే పండితుడు ఒక పటానికి చిన్న వివరణ రాస్తూ, కదలిక చివరిదాకా వెళితే నిశ్చలత అవుతుందనీ, నిశ్చలత చివరిదాకా వెళితే మళ్లీ కదలిక అవుతుందనీ చెప్పాడు. చదివితే తత్వం. చేస్తే మాత్రం ఒంటికి తెలిసే సంగతి: చేయి ముందుకు వెళ్లి వెళ్లి ఇక వెళ్లలేని చోటుకు చేరకముందే బరువు వెనక్కి మళ్లడం మొదలవ్వాలి. చివరిదాకా లాగి ఆపితే అక్కడ ఒక కుదుపు వస్తుంది. ఆ కుదుపు రాకుండా చేయడానికి నాకు ఏడాది పైనే పట్టింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. పదాలూ భావనలూ వేల ఏళ్ల నాటివి, ఈ విద్య మాత్రం అంత పాతది కాదు. వూదాంగ్ కొండల మీద జాంగ్ సాన్‌ఫెంగ్ అనే దావో మార్గపు సిద్ధుడు దీన్ని సృష్టించాడనే కథ మీకు అన్నిచోట్లా కనిపిస్తుంది. అది కథే, చరిత్రలో దానికి ఆధారం లేదు. ఆధారాలు దొరికేది హెనాన్ ప్రావిన్స్‌లోని వెన్ కౌంటీలో, చెన్‌జియాగౌ అనే పల్లెలో. 17వ శతాబ్దంలో, మింగ్ వంశపు పాలన ముగిసే రోజుల్లో, అక్కడి చెన్ వాంగ్‌టింగ్ దీనికి రూపం ఇచ్చాడంటారు. అంతకు ముందే మింగ్ సేనాధిపతి చీ జిగ్వాంగ్ (1528-1588) తన యుద్ధశాస్త్ర గ్రంథంలో 32 భంగిమలు చేర్చాడు. అందులోని 'ఒంటి కాలి మీద బంగారు కోడిపుంజు' లాంటి పేర్లు మేం ఇవాళ్టికీ వాడుతున్నాం. 19వ శతాబ్దంలో యాంగ్ లూచాన్ (1799-1872) ఆ పల్లెలో నేర్చుకుని బీజింగ్‌లో నేర్పడంతో విద్య బయటి ప్రపంచానికి తెలిసింది. అదే కాలంలో వూ యూషియాంగ్ (1812-1880) కుటుంబానికి ఒక ఉప్పు దుకాణంలో పాత రాతప్రతి దొరికిందని సంప్రదాయం చెబుతుంది. అందులోని చిన్న వ్యాసాన్ని వాంగ్ జోంగ్‌యువే రాసినట్టు చెబుతారు. మా లావ్‌షి ఎక్కువగా చెప్పేది ఈ వ్యాసంలోని వాక్యాలే. అది రాసినవాళ్లకు జౌ దున్‌యి మాటలూ, ప్రాచీన చైనా తత్వవేత్త లావోజు మాటలూ కంఠస్థం అయి ఉండాలి, లేకపోతే అలా రాయలేరు. అందుకే మీ రెండో ప్రశ్నకు నా జవాబు 'ఉన్నాయి' అనే. కాకపోతే అవి శరీరానికి చెప్పే సూచనలుగా మారి ఉన్నాయి.

నా మోకాలి కథ చెబితే ఇది బాగా అర్థమవుతుంది.

పార్కు జట్టులో చేరకముందు నేను డబ్బు కట్టి ఒక ఫిట్‌నెస్ సెంటర్‌లో చేరాను. 1956లో చైనా క్రీడా సంఘం జనం సులువుగా నేర్చుకోవడానికి కూర్చిన 24 భంగిమల వరసను అక్కడ పది వారాల్లో పూర్తి చేయించారు. చేతులు ఎటు వెళ్లాలో చెప్పారు, బరువు ఏ కాలి మీద ఉండాలో ఎవరూ చెప్పలేదు. వరస అంతా వచ్చేసింది, దాంతోపాటు కుడి మోకాలి నొప్పీ వచ్చింది. మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకునేదాన్ని.

పార్కులో మొదటి వారం లావ్‌షి నన్ను పది నిమిషాలు చూసి, ఆ పాత వ్యాసంలోని ఒక వాక్యం చెప్పారు. 'ఏళ్ల తరబడి శ్రద్ధగా సాధన చేసినా శక్తిని మళ్లించలేక ఎదుటివాళ్లకు లొంగిపోయేవాళ్లను తరచూ చూస్తుంటాం. వాళ్లకు జంట బరువు అనే జబ్బు ఇంకా తెలియకపోవడమే కారణం' అని దాని భావం. జంట బరువు అనే ఈ మాటకు గురువులు వేర్వేరు అర్థాలు చెబుతారు. కొందరు దాన్ని ఎదుటివాళ్లతో చేతులు కలిపినప్పుడు బలానికి బలం ఎదురు పెట్టడం అంటారు. మా లావ్‌షి నాకు మొదట పాదాల అర్థం చెప్పారు: బరువు రెండు కాళ్ల మీదా సమానంగా పడి ఉండిపోతే ఏ కాలూ కదలలేదు. అప్పుడు నడుము తిప్పితే తిరగాల్సిన తుంటి తిరగదు, తిరగకూడని మోకాలు మెలిపడుతుంది. మోకాలు తలుపు బందులాంటిది, వంగడానికీ చాపడానికే ఉంది. తిరిగే పని తుంటిది.

ఆ తర్వాత నెల రోజులు నేను చేసింది ఒక్కటే. ఎడమ కాలు నిండు, కుడి కాలు ఖాళీ. మళ్లీ కుడి కాలు నిండు, ఎడమ కాలు ఖాళీ. బిందెలోంచి బిందెలోకి నీళ్లు వంచినట్టు బరువును మెల్లగా వంచడం. మోకాలు ఎప్పుడూ పాదం వేళ్లు చూసే వైపే చూడాలి. ఖాళీ కాలిని ఎత్తినప్పుడు ఒళ్లు ఊగిందంటే అది నిజంగా ఖాళీ కాలేదన్నమాట. ఇంకో పాత గ్రంథంలో, వేరు పాదాల్లో ఉంటుంది, శక్తి కాళ్లలోంచి వస్తుంది, దాన్ని నడిపేది నడుము, అది కనపడేది చేతివేళ్లలో అని ఉంది. నేను అంతకు ముందు సరిగ్గా తలకిందులుగా, వేళ్ల నుంచి మొదలుపెట్టాను. మూడో నెలకు మెట్ల మీద రెయిలింగ్ వదిలేశాను.

ఇక నెమ్మది ఎందుకు? దీనికి జవాబు నాకు మా ఊళ్లోనే దొరికింది. 'పట్టుగూటి నుంచి దారం లాగినట్టు శక్తిని నడుపు' అని పాత వాక్యం ఒకటుంది. చెన్ కుటుంబపు పద్ధతిలోనైతే ఆ మెలికల కదలికకు పట్టుదారం పేరే పెట్టారు. లావ్‌షి అది చెప్పినప్పుడు మా జట్టులో మిగతావాళ్లు ఊహించుకోవాల్సి వచ్చింది, నేను చిన్నప్పుడు కళ్లారా చూశాను. హిందూపురంలో మా వీధి చివర పట్టుగూళ్లను వేడినీళ్లలో వేసి దారం తీసేవాళ్లు. కొస దొరికాక చేయి ఒకే వేగంతో కదలాలి. గబుక్కున లాగితే తెగుతుంది, ఆపితే చిక్కుపడుతుంది. ఆ పని చేసే అక్క మాతో మాట్లాడుతూ ఉన్నా ఆమె చేతి వేగం మారేది కాదు. తాయ్‌చీలో నెమ్మది అంటే అదే. త్వరగా చేస్తే మధ్యలో తెగినచోట్లు కనపడవు, వేగం వాటిని దాటించేస్తుంది. నెమ్మదిగా చేస్తే భుజం ఎక్కడ బిగిసిందో, ఊపిరి ఎక్కడ ఆగిందో ప్రతి ఒక్కటీ బయటపడుతుంది. చెన్ పద్ధతిలో వేగంగా విసిరే కదలికలు కూడా ఉన్నాయి కాబట్టి, నెమ్మదే తాయ్‌చీ అనడం సరికాదు. తెగకుండా ఉండడం తాయ్‌చీ, నెమ్మది దాన్ని నేర్చుకునే దారి.

మెత్తదనం గురించి కూడా ఇలాంటి అపోహే ఉంది. లావోజు గ్రంథం 76వ అధ్యాయంలో, బతికున్న మనిషి మెత్తగా వంగేలా ఉంటాడు, చనిపోతే గట్టిగా బిగుసుకుపోతాడు అని ఉంటుంది. మొక్కలూ అంతేనంటాడు. 78వ అధ్యాయంలో నీళ్లకన్నా మెత్తనిది లేదు, గట్టిదాన్ని జయించడంలో నీళ్లను మించినదీ లేదంటాడు. ఇది విని నేను కొన్నాళ్లు ఒళ్లంతా వదిలేసి వేలాడుతూ చేశాను. అదీ తప్పే. తాయ్‌చీలో రోజూ వినపడే మాట 'సోంగ్', అంటే వదులు చేయడం. పాత లిపిలో ఆ అక్షరం పైభాగాన పొడవాటి జుట్టు గుర్తు ఉంటుంది. ముడి విప్పితే జుట్టు దానంతట అది కిందికి జారుతుంది, ఊడిపోదు కదా. అలా బిగింపు విడిచిపెట్టాలి కానీ నిర్మాణం విడిచిపెట్టకూడదు. చేతిలో సైకిల్ ట్యూబులో గాలి ఉన్నట్టు ఒక పొంగు ఉండాలి.

దీన్ని నాకు అర్థం చేయించినది మా జట్టులోని ఒక ఆంటీ. ఆమెకు 76 ఏళ్లు, నా భుజం ఎత్తు ఉంటారు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ముంజేతులు ఆనించి ఒకరినొకరు తోసే సాధన ఒకటుంది, తుయ్‌షౌ అంటారు. నేను బలంగా తోశాను. ఆమె అడ్డుకోలేదు, వెనక్కీ పారిపోలేదు. నడుము కొద్దిగా తిప్పారు, అంతే. నా తోపుకు అవతల ఏమీ లేకపోయింది, రెండడుగులు ముందుకు తూలాను. 'నన్ను తోయాలని నువ్వు ముందే నిర్ణయించుకున్నావు. ముందు నేనెక్కడున్నానో విను' అన్నారామె. పాత వ్యాసంలో 'తనను వదిలి ఎదుటివారిని అనుసరించు' అన్నది ఇదే. నాలుగు లియాంగ్‌లతో వెయ్యి జిన్‌లను మళ్లించడం అన్న ప్రసిద్ధ వాక్యం కూడా అక్కడ వస్తుంది. పాత కొలతలో 16 లియాంగ్‌లు ఒక జిన్, అంటే పావు జిన్ బలంతో వెయ్యి జిన్‌ల బరువును పక్కకు తిప్పడమన్నమాట. ఎనభై తొంభై ఏళ్లవాళ్లు పలువురిని నిలువరిస్తున్నారంటే అక్కడ వేగం ఏం చేసింది అని కూడా ఆ వ్యాసం అడుగుతుంది. ఆంటీ ముందు నిలబడ్డాక నాకు ఆ ప్రశ్నలో అతిశయం కనపడలేదు.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. తప్పకుండా నేర్పించవచ్చు. నిలకడ విషయంలో దీనికి మంచి ఆధారాలున్నాయి. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో 195 మంది పార్కిన్సన్స్ రోగులు 24 వారాలు సాధన చేశారు. తాయ్‌చీ చేసినవాళ్లకు నిలకడ మెరుగుపడింది, స్ట్రెచింగ్ మాత్రమే చేసినవాళ్లకన్నా తక్కువసార్లు పడ్డారు. అలాగని ఇది మందులకు బదులు కాదు. ఆయనకు మోకాళ్లు, బీపీ, తలతిరుగుడు లాంటివి ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి.

వీడియో చూసి వరస నేర్చుకోవచ్చు. కానీ మన బరువు ఏ కాలి మీద ఉందో వీడియో మనల్ని చూసి చెప్పదు, నా మోకాలు చెడింది ఆ సంగతి ఎవరూ చెప్పకే. దగ్గర్లో గురువు దొరికితే మంచిది. దొరికేదాకా 24 భంగిమల జోలికి పోకుండా ఇంట్లోనే ఇది చేయించండి. గోడకో కుర్చీకో అందేంత దూరంలో నిలబడమనండి. పాదాలు భుజాలంత ఎడం. మోకాళ్లు కొంచెమే వంచి, తల నిటారుగా పెట్టి, బరువు మొత్తం ఒక కాలి మీదికి మెల్లగా చేర్చి, రెండో కాలి మడమ ఎత్తి చూడమనండి. తూలకుండా ఎత్తగలిగితే ఆ కాలు ఖాళీ అయినట్టే. ఊపిరిని లెక్కపెట్టాల్సిన పని లేదు, దాన్ని దాని పాటికి వదిలేయాలి. రోజూ పది నిమిషాలు చాలు. మోకాలు పాదం వేళ్ల వైపే చూస్తోందా లేదా అన్నది మాత్రం ఎదురుగా నిలబడి మీరే చూడండి, ఆయనకు పైనుంచి సరిగా కనపడదు.