టేబుళ్లు లాగి వదిలితే క్వెరీ తయారయ్యే టూల్, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా చేయొచ్చా?

చేయొచ్చు. మూడేళ్ల కిందట మా బ్యాచ్ ఇదే చేసింది. మీరు నలుగురు, చేతిలో ఆరు నెలలు, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్న, అంటే క్వెరీ, అడిగే భాష) రానివాళ్లు కూడా బ్రౌజర్‌లో టేబుళ్లను మౌస్‌తో లాగి కలిపితే ఫలితం కనిపించాలి, గీతలు గీయడానికి ఏ లైబ్రరీ మంచిది అని కదా అడిగారు. లైబ్రరీ సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను: మీలో రియాక్ట్ వచ్చినవాళ్లుంటే రియాక్ట్ ఫ్లో తీసుకోండి, పెట్టెలు లాగడం, గీతలు కలపడం అంతా అదే చూసుకుంటుంది. మేం అది తెలియక సొంతంగా గీతలు గీసే కోడ్ రాసి రెండు నెలలు తగలేశాం. ఫస్ట్ రివ్యూలో స్క్రీన్ చూసి అందరూ బాగుందన్నారు, ఆ తర్వాత గైడ్ రెండు టేబుళ్లు లాగి పెట్టారు, సున్నా వరుసలు వచ్చాయి, మా మొహాలు మాడిపోయాయి.

ఆ రెండు టేబుళ్లేంటో చెబుతాను, ఎందుకంటే ఈ ప్రాజెక్టులో ఉన్న కష్టమంతా అక్కడే ఉంది. మేం వాడింది మైఎస్‌క్యూఎల్ వాళ్లు ఇచ్చే సకిలా అనే శాంపిల్ డేటాబేస్. డీవీడీలు అద్దెకిచ్చే షాపు, 16 టేబుళ్లు, 1000 సినిమాలు, 599 మంది కస్టమర్లు. అందులో ఫిల్మ్ టేబుల్ నుంచి లాంగ్వేజ్ టేబుల్‌కు రెండు ఫారిన్ కీలున్నాయి (ఒక టేబుల్ వరుసను ఇంకో టేబుల్ వరుసకు ముడిపెట్టే కాలమ్‌లు), ఒకటి సినిమా భాష, రెండోది ఒరిజినల్ భాష. మా కోడ్ రెండు టేబుళ్ల మధ్య ఎన్ని ఫారిన్ కీలు కనిపిస్తే అన్నిటినీ ఆండ్‌తో, అంటే అన్నీ ఒకేసారి సరిపోలాలని, కలిపేసేది. ఒరిజినల్ భాష కాలమ్ అన్ని సినిమాలకూ నల్, అంటే ఖాళీ, ఖాళీ దేనితోనూ సరిపోలదు, ఇంకేం వస్తుంది?

దాన్ని సరిచేసి, దూరంగా ఉన్న టేబుళ్లను కూడా కలపాలని గ్రాఫ్ పెట్టాం. టేబుల్ ఒక నోడ్ (చుక్క), ఫారిన్ కీ ఒక ఎడ్జ్ (గీత), బీఎఫ్‌ఎస్ (ఒక్కో అంగ చొప్పున చుట్టూ వెతికే పద్ధతి) పెడితే దగ్గరి దారి దొరుకుతుంది. డేటా స్ట్రక్చర్స్ పరీక్షలో రాసింది నిజంగా పనికొచ్చిందని తెగ మురిసిపోయాం. ఈసారి మేమే కస్టమర్‌ను, స్టాఫ్‌ను లాగి పెట్టాం. మళ్లీ సున్నా. చూస్తే ఆ రెండింటి మధ్య నాలుగు టేబుళ్ల మీదుగా దారులున్నాయి, అన్నీ రెండేసి అంగలే. పేమెంట్ మీదుగా వెళ్తే కస్టమర్ దగ్గర డబ్బు తీసుకున్నది ఎవరు అని అర్థం, రెంటల్ మీదుగా వెళ్తే డీవీడీ ఇచ్చింది ఎవరు అని, స్టోర్ మీదుగా వెళ్తే ఆయన షాపులో పనిచేసేవాళ్లెవరు అని. నాలుగోది అడ్రస్ మీదుగా, అంటే కస్టమర్‌తో ఒకే ఇంట్లో ఉండే స్టాఫ్ ఎవరు అని! మా కోడ్ టేబుళ్లను అక్షర క్రమంలో చూసేది కాబట్టి అడ్రస్‌నే పట్టుకుంది, అలాంటి స్టాఫ్ ఒక్కరూ లేరు.

దగ్గరి దారి సరైన దారి అన్నమాటేం లేదు, ఏది సరైనదో టేబుళ్లను చూసి కంప్యూటర్ చెప్పలేదు. అడిగే మనిషి మనసులో ఏముందో ఆ మనిషే చెప్పాలి. కాబట్టి మీ టూల్ ఒకటికి మించి దారులు కనిపించగానే ఆగి అడగాలి. అదీ ఫారిన్ కీ పేర్లు చూపించి కాదు, మామూలు మాటల్లో: "డబ్బు తీసుకున్నవాళ్లా? డీవీడీ ఇచ్చినవాళ్లా? ఆ షాపులో పనిచేసేవాళ్లా?" ఒక్కో ఫారిన్ కీకి అర్థం చెప్పే చిన్న వాక్యం రాసి ఒక ఫైల్లో పెట్టాం, సకిలా మొత్తానికి ఒక సాయంత్రం పట్టింది. సెకండ్ రివ్యూలో మార్కులు తెచ్చింది ఈ ఒక్క పాపప్పే అని నా నమ్మకం.

అందుకే స్క్రీన్‌తో మొదలుపెట్టకండి. ముందు క్వెరీని ఒక జేసన్ ఆబ్జెక్ట్‌గా (పేరు, విలువ జతలుగా రాసే డేటాగా) ఎలా రాస్తారో నలుగురూ కూర్చుని తేల్చుకోండి: ఏ టేబుళ్లు, ఏ దారి, ఏ కాలమ్‌లు, ఏ షరతులు, ఏ గ్రూపింగ్. బొమ్మ ఆ ఆబ్జెక్ట్‌ను మారుస్తుంది, ఎస్‌క్యూఎల్ ఆ ఆబ్జెక్ట్ నుంచి పుడుతుంది, ఈ రెండింటికీ ఒకదాని సంగతి ఒకదానికి తెలియక్కర్లేదు. మేం మొదట్లో స్క్రీన్ మీద పెట్టె కదిలినప్పుడల్లా ఎస్‌క్యూఎల్ స్ట్రింగ్‌ను అతికించుకుంటూ పోయాం, అన్‌డూ పెట్టమంటే ఏడుపొచ్చింది. ఆబ్జెక్ట్ ఉంటే పాత కాపీ దాచుకుంటే అదే అన్‌డూ. పని పంచుకోవడం కూడా సులువు, ఇద్దరు స్క్రీన్ చూసుకుంటే ఇద్దరు దానితో సంబంధం లేకుండా ఎస్‌క్యూఎల్ పుట్టించే కోడ్ రాసి టెస్ట్ చేసుకోవచ్చు.

మొత్తాల దగ్గర ఇంకో గొయ్యి ఉంది, దీంట్లో సున్నా కూడా రాదు కాబట్టి కనిపెట్టడం కష్టం. కస్టమర్‌కు ఒకవైపు రెంటల్, ఇంకోవైపు పేమెంట్ కలిపి కట్టిన డబ్బు కూడమంటే ప్రతి పేమెంటూ ఆ కస్టమర్‌కు ఎన్ని అద్దెలుంటే అన్నిసార్లు లెక్కలోకి వస్తుంది. సకిలాలో రెంటల్స్ 16,044, అంటే మనిషికి సగటున 27 దాకా, కాబట్టి మొత్తం 27 రెట్లకు పైనే వాచిపోతుంది. ఒక టేబుల్ నుంచి రెండు వైపులా ఒకటికి-చాలా సంబంధాలు వెళ్తున్నప్పుడు సమ్ అడిగితే, ముందే రెండు వైపులనూ విడివిడిగా సబ్‌క్వెరీల్లో (క్వెరీ లోపలి క్వెరీల్లో) గ్రూప్ చేసి తర్వాత కలపాలి. అంత టైమ్ లేకపోతే ఎర్ర రంగులో హెచ్చరికైనా చూపించండి.

"లేనివి" అడిగే ప్రశ్నలకు కూడా స్క్రీన్ మీద చోటు పెట్టండి. షాపులో ఒక్క కాపీ కూడా లేని సినిమాలేవి అంటే సకిలాలో 42 ఉన్నాయి, లెఫ్ట్ జాయిన్ (జత దొరకని వరుసల్ని కూడా ఉంచే కలపడం) లేకుండా మామూలు గీతతో అవి రావు. మేం గీత మీద క్లిక్ చేస్తే "ఉన్నవి, ఉన్నా లేకున్నా, లేనివి" అని మూడు ఆప్షన్లు పెట్టాం. జాయిన్ల పేర్లు పెట్టినప్పుడు అయోమయపడ్డ మా రూమ్మేట్ (కామర్స్ చదివాడు) ఈ మాటలు చూసి ఎవరూ చెప్పకుండానే వాడేశాడు.

షరతుల విషయంలో కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు. 1970లలోనే ఐబీఎంలో మోషే జ్లూఫ్ క్వెరీ బై ఎగ్జాంపుల్ అని గళ్లలో నింపే పద్ధతి తెచ్చాడు, మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో కనిపించే గ్రిడ్ దాని వారసత్వమే. ఒకే వరుసలో రాసినవన్నీ ఆండ్, వేరే వరుసలో రాస్తే ఆర్. మేం బ్రాకెట్లు ఒకదానిలో ఒకటి దూర్చే పెట్టెలు కట్టి చూసి, వాడేవాళ్ల తంటాలు చూడలేక ఈ గ్రిడ్‌కే వచ్చాం. రిపోర్టులో లిటరేచర్ సర్వే రాయడానికీ ఇది అక్కరకొస్తుంది.

సర్వర్ పెట్టాలా అంటే, నా మాట వింటే వద్దు. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌ను వెబ్ అసెంబ్లీగా (బ్రౌజర్ నడపగల కోడ్‌గా) మార్చి బ్రౌజర్‌లోనే నడపొచ్చు, ఎస్‌క్యూఎల్ డాట్ జేఎస్ ఆ పని చేస్తుంది, సకిలాకు ఎస్‌క్యూలైట్ రూపం కూడా దొరుకుతుంది. ఫారిన్ కీల వివరాలు ప్రాగ్మా ఫారిన్ కీ లిస్ట్ అనే ఎస్‌క్యూలైట్ కమాండ్ ఇస్తుంది. ఎవరైనా టేబుల్ చెరిపేసినా పేజీ రిఫ్రెష్ చేస్తే మళ్లీ మొదటికే వస్తుంది, టెన్షన్ లేదు. గైడ్ సర్వర్ ఉండాల్సిందే అంటే డేటాబేస్‌లో సెలెక్ట్ (చదివే) అనుమతి మాత్రమే ఉన్న యూజర్‌ను పెట్టండి. విలువల్ని ప్లేస్‌హోల్డర్లతో (క్వెరీలో ఖాళీ గుర్తు పెట్టి, విలువను విడిగా) పంపండి, టేబుల్ పేర్లకు, కాలమ్ పేర్లకు ప్లేస్‌హోల్డర్లు పనిచేయవు కాబట్టి వాటిని స్కీమాలో (డేటాబేస్ నిర్మాణంలో) ఉన్న పేర్లతో సరిపోల్చాకే వాడండి. మేం విలువను నేరుగా అతికిస్తే ఒకరు డి'సౌజా అని టైప్ చేశారు, ఆ ఒక్క అపాస్ట్రఫీకే క్వెరీ విరిగిపోయింది.

ఇక వైవా రోజు సంగతి. మేం ఆ వెబ్ అసెంబ్లీ ఫైల్‌ను నెట్ నుంచి లోడ్ అయ్యేలా వదిలేశాం, తీరా ల్యాబ్‌లో ఆ పూట నెట్ లేదు. ఆ ఫైల్ కాపీ ఉన్న ల్యాప్‌టాప్‌లో పేజీని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే క్రోమ్ పక్క ఫైల్‌ను చదవనివ్వలేదు. చివరికి పైథాన్‌తో చిన్న లోకల్ సర్వర్ లేపితే పనిచేసింది, ఈలోపు ఎక్స్‌టర్నల్ (బయటి కాలేజీ ఎగ్జామినర్) టీ తాగేసి వచ్చారు. లైబ్రరీలన్నీ ప్రాజెక్ట్ ఫోల్డర్లోనే పెట్టుకోండి, ముందు రోజు వైఫై ఆపేసి ఒకసారి నడిపి చూడండి. మీ స్కీమా ఏదో ఇక్కడ పెడితే దారులు ఎక్కడ చీలతాయో చూసి చెబుతాను.