బ్రెజిల్ దక్షిణాదిన వలస ఊళ్లు

ప్రశ్న: మా అబ్బాయి సావో పాలోలో ఉద్యోగం చేస్తున్నాడు; అక్టోబరులో మా దంపతులను రమ్మంటున్నాడు. ఆ దేశపు దక్షిణాదిన జర్మన్లు, ఇటాలియన్లు కట్టుకున్న ఊళ్లు అచ్చం ఐరోపాలా ఉంటాయట. మా తాతగారు రంగూన్ రేవులో పనిచేసి వచ్చినవారు. అందుకే వలస ఊళ్లంటే నాకు ఆసక్తి. వారం రోజుల్లో ఏవి చూడవచ్చు?
– ఒక పాఠకుడు, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: తప్పక వెళ్లండి, అయితే ‘అచ్చం ఐరోపా’ అన్న మాటను ఇంటివద్దనే విడిచి వెళ్లండి. 1824 జూలైలో 39 మంది జర్మన్లు బ్రెజిల్ దక్షిణ కొసనున్న సావో లియోపోల్డోలో దిగడంతో ఊపందుకున్న ఆ వలసకూ, సిక్కోలు పల్లెల నుంచి బర్మా ఓడలెక్కిన వలసకూ మూలం ఒక్కటే: సొంత ఊరు కూడు పెట్టలేకపోవడం. మనవారిలో అధికులు కూలికి వెళ్లి, నాలుగు రూకలు కూడబెట్టుకొని తిరిగి రావాలనుకున్నారు. బ్రెజిల్ వెళ్లినవారికి మాత్రం అడవి కొట్టుకొని సాగు చేసుకోవడానికి భూమి దొరికింది కాబట్టి, వారు అక్కడే వేళ్లూనుకున్నారు.

ఆ భూమి ఖాళీగా లేదన్న సంగతిని పర్యాటక కరపత్రాలు అంతగా చెప్పవు. 1850లో హెర్మన్ బ్లుమెనావ్ అనే జర్మన్ 17 మందితో ఇటజై నదీలోయలో తన పేరిట ఊరు పెట్టేనాటికి, అది షోక్లెంగ్ ఆదివాసులు తిరుగాడే అడవి. వారిని వేటాడడానికి కిరాయి ముఠాలను సైతం పెట్టారు. తమ భూమి కోసం షోక్లెంగులు చేసిన న్యాయపోరాటంలో 2023లో దేశ అత్యున్నత న్యాయస్థానం వారి పక్షాన తీర్పునిచ్చింది. ఆ లోయలో నడుస్తున్నప్పుడు ఈ విషయం మీ మనసులో ఉండాలని నా కోరిక.

బ్లుమెనావ్ నడిబొడ్డున కనిపించే జర్మన్ ముఖభాగాలలో చాలావరకు 1970ల తరువాత పర్యాటకుల కోసం కట్టినవే. అక్టోబరులో అక్కడ జరిగే బీరు పండుగ కూడా, వరుస వరదలకు కుంగిన ఊరికి ధైర్యం చెప్పడానికి 1984లో మొదలైనదే తప్ప తాతలనాటిది కాదు. అందువల్ల అక్కడ ఒక్క పూట గడిపి, సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని పొమెరోడెకు రెండు రోజులు కేటాయించండి. అక్కడి పాత ఇళ్లు వేరు. దూలాలను, నిట్రాళ్లను, అడ్డకమ్ములను ఒకదానిలో ఒకటి దూర్చి, కొయ్యచీలలతో బిగించి, నడుమ ఖాళీలను ఇటుకలతో నింపి కట్టినవి. మన పెంకుటిళ్ల వడ్రంగం ఎరిగినవారికి ఆ అతుకుల దగ్గర చాలాసేపు నిలబడాలనిపిస్తుంది. ఆ ఊరివారి పూర్వికులు విడిచివచ్చిన, బాల్టిక్ సముద్రతీరాన అప్పటి జర్మన్ ప్రాంతమైన పొమెరానియాలో అధికభాగం రెండో ప్రపంచయుద్ధం తరువాత పోలండ్‌లో కలిసి, అక్కడి జర్మన్ మాటే దాదాపు మాసిపోయింది. ఇక్కడి వృద్ధుల నోట ఆ భాష ఇంకా వినిపిస్తుంది. 1930ల చివర బ్రెజిల్ అధ్యక్షుడు వర్గాస్ ప్రభుత్వం విదేశీ భాషల బడులను మూయించి, బహిరంగంగా ఆ భాషలు మాట్లాడడాన్ని నిషేధించినా, ఇళ్లలో అది నిలిచిందంటే ఆ తల్లులకు నమస్కరించాలి.

మిగిలిన రోజులు, ఉత్తరాన ఉన్న పరానా రాష్ట్ర రాజధాని కురిటిబాకు ఉంచండి. 1980లో పోలండ్‌కు చెందిన పోప్ రెండో జాన్ పాల్ రాకకు గుర్తుగా ఏర్పరచిన వనంలో, 1871 నుంచి వచ్చిన పోలిష్ రైతుల దుంగల ఇళ్లను పల్లెల నుంచి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఇటాలియన్ల ద్రాక్షతోటలు, పొగబండి ఉన్న బెంటో గొన్సాల్వెస్ ఊరు ఇంకా చాలా దక్షిణాన ఉంది. ఈ వారంలో దానిని ఇరికించవద్దు.

అక్టోబరు వారికి వసంతం. ఉదయాలు చలిగా ఉండవచ్చు, వానలూ పడతాయి కాబట్టి ఒక స్వెట్టరు, గొడుగు చాలు. వీసాతోపాటు, బ్రెజిల్ నుంచి తిరిగివచ్చే వారిని మన విమానాశ్రయంలో అడిగే ఎల్లో ఫీవర్ టీకా పత్రం ముఖ్యం. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే విశాఖపట్నంలోని పోర్టు ఆరోగ్య కార్యాలయంలో విచారించి, ఇద్దరూ టీకా వేయించుకోండి.