‘అపరకాళికలు’ అని రాయకు

చిట్టీ,

రేపు ఇందిరా పార్కు దగ్గర ధర్నాచౌక్‌లో మహిళా సంఘాల ధర్నాకి రిపోర్టర్‌గా నిన్నే పంపుతున్నారని మీ అమ్మ చెప్పింది. మొదటి డ్యూటీ కదా, టెన్షన్ ఉంటుంది. పత్రిక డెస్కులో ఉండగా నేను చేసిన తప్పు ఒకటి చెబుతా.

అంగన్‌వాడీ టీచర్లు జీతాల కోసం రోడ్డెక్కారు. ఒకావిడ కొంగు నడుముకు చుట్టి పోలీసుతో వాదిస్తున్న ఫొటో వచ్చింది. ‘అపరకాళికలు’ అని హెడ్డింగ్ పెట్టేశా. ఆఫీసులో శభాష్ అన్నారు. మర్నాడు ఆవిడే ఫోన్ చేసింది. “అమ్మా, మా జీతమెంతో రాయలేదేం?” అంది. మళ్లీ చదివా. ట్రాఫిక్ ఎంతసేపు ఆగిందో ఉంది. జీతం లేదు.

అందుకని గంట ముందే ఇందిరా పార్కుకు పో. కరపత్రం అడిగి తీసుకుని, అక్కడే నిలబడి పూర్తిగా చదువు. 1968లో అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికా పోటీల బయట ఆడవాళ్లు నిరసనగా బ్రాలు, హైహీల్స్ చెత్తడబ్బాలో పడేశారు. ఏదీ కాల్చలేదని, నిప్పు పెట్టడానికి అనుమతే లేదని నిరసనకారులే చెప్పారు. అయినా ‘బ్రాలు తగలబెట్టారు’ అన్న మాటే ఇప్పటికీ తిరుగుతోంది. ఆ పోటీలో అప్పటిదాకా ఒక్క నల్లజాతి అమ్మాయీ ఫైనల్స్‌కు రాలేదని వాళ్ల కరపత్రంలోనే ఉంది. అది ఎవరికి గుర్తుంది?

మనవాళ్లూ తక్కువేం కాదులే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేస్తే పత్రికలు నెత్తిన పెట్టుకున్నాయి, మరుసటి ఏడాది అక్టోబర్ 1 నుంచి సారా నిషేధమూ వచ్చింది. సంసారం కోసం అడిగారు కదా, అందరికీ ముద్దొచ్చారు. అదే 2018లో ఒక నటి ఫిలిం ఛాంబర్ ముందు బట్టలు తీసి నిరసన తెలిపితే, ఛానళ్లు ఆ దృశ్యాన్ని బ్లర్ చేసి తిప్పితిప్పి చూపించాయి. ఆమె అవకాశాల గురించి, వేధింపుల గురించి మాట్లాడింది. అది స్క్రోలింగ్‌లో పోయింది.

మైకు పట్టుకున్నవాళ్లతోనే సరిపెట్టకు. వెనక వరసలో టిఫిన్ డబ్బాతో కూర్చున్నావిడ పక్కన చతికిలబడి, ఈ రోజు కూలి ఎంత పోయిందో అడుగు. డిమాండ్ మొదటి పేరాలోనే రాయి. జవాబు చెప్పాల్సిన అధికారికి ఫోన్ చెయ్యి, ఎత్తకపోతే ఎత్తలేదని రాయి.

తోపులాటలో చీర జారిన ఫొటో తీసినా, డెస్కుకి పంపకు. చేతికందితే వేసేస్తారు.

వార్తతో పాటు హెడ్డింగ్‌లు కూడా నువ్వే మూడు రాసి పంపు. అక్కడ నాలాంటిదెవరో కూర్చుని ఉంటుంది.

మీ పెద్దమ్మ