చిన్నా, డైస్‌కి నీ మీద పగేమీ లేదు

ఒరేయ్ చిన్నా,

వార్‌హామర్ గురించి, అదే బల్ల మీద బొమ్మల సైన్యాలతో డైస్ వేసి ఆడే మన యుద్ధం ఆట గురించి, నువ్వు పెట్టిన మెసేజ్ మొత్తం చదివా, మధ్యమధ్యలో తిట్లతో సహా. రిజర్వ్ నుంచి (అంటే మొదట టేబుల్ బయట ఆపి) దించిన యూనిట్ ఛార్జ్ (శత్రువు మీదకి దూసుకెళ్ళడం) ఫెయిల్, డైస్ రీరోల్ చేసినా (మళ్ళీ వేసినా) ఫెయిలే, పెద్ద ట్యాంక్ కొట్టిన రెండు షాట్లూ దండగ, 2+ సేవ్ (దెబ్బ తప్పించుకోవడానికి వేసే డైస్, 2 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే చాలు) ఉన్న స్క్వాడ్‌కి ఐదు సేవ్‌లు వేస్తే నాలుగు ఒకట్లు, అవతలివాడేమో నక్క తోక తొక్కొచ్చినట్టు ఏది కావాలంటే అది పడేసుకున్నాడు, ఇక ఈ ఆటే మానేస్తా మావయ్యా అని. మానేద్దువు గానీ, ముందు ఆ మూడు దరిద్రాల్నీ విడివిడిగా చూడు. నన్నడిగితే వాటిలో ఒక్కటే నిజంగా దురదృష్టం, మిగతా రెండూ నువ్వు చేజేతులా కొని తెచ్చుకున్నవి.

ఛార్జ్ సంగతి తీసుకో. వార్‌హామర్ 40,000లో, అదే 2023లో వచ్చిన పదో ఎడిషన్‌లో, ఆకాశంలోంచి దిగే యూనిట్ శత్రువుకి 9 అంగుళాల కన్నా దూరంగానే దిగాలి కదా, కాబట్టి ఛార్జ్‌కి రెండు డైస్ మీద 9 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి. రెండు డైస్ పడే రకాలు మొత్తం 36, వాటిలో నీకు పనికొచ్చేవి 10. అంటే 28 శాతం. రీరోల్ ఉందిగా అంటావ్, రీరోల్‌తో కలిపినా 48 శాతం దగ్గర ఆగిపోతుంది, బొమ్మా బొరుసా వేసుకున్నా నయమే అంతకన్నా. అదే 7 అంగుళాలైతే రీరోల్ లేకుండానే 58, 6 అయితే 72, 5 అయితే 83. ఒక్కో అంగుళం ఎంత విలువో చూశావా. ఆ యూనిట్‌ని రిజర్వ్‌లో పెట్టకుండా మొదటి టర్న్‌లోనే మధ్యలో ఉన్న ఆ శిథిలాల గోడ వెనక్కి నడిపించి దాచి ఉంటే, రెండో టర్న్‌లో ముందు కాస్త నడిచి ఆ తర్వాత ఐదారు అంగుళాల ఛార్జే మిగిలేది. నడవడానికి డైస్ అక్కర్లేదు.

ట్యాంక్ కూడా అంతే. హిట్ (గురి తగలడం) 3+, వూండ్ (తగిలింది గాయం చెయ్యడం) 3+, అవతలి బండికి 4+ ఇన్వల్నరబుల్ సేవ్ (ఎంత పెద్ద గన్‌కైనా తగ్గని సేవ్). మూడింట రెండొంతులు, అందులో మళ్ళీ మూడింట రెండొంతులు, అందులో సగం. ఒక షాట్ లోపలికి దిగే ఛాన్స్ 22 శాతం, రెండు షాట్లలో ఒక్కటైనా దిగే ఛాన్స్ 40కి కొంచెం తక్కువ. దిగినా బండి పేలిపోతుందని కాదు, డ్యామేజ్ డైస్ ఇంకా వెయ్యలేదు. నీ ప్లాన్ ఏంటి, ముందు ట్యాంక్ ఆ బండిని లేపెయ్యాలి, అది లేస్తే దారి ఖాళీ అవుతుంది, ఆ దారిలోంచి ఛార్జ్ వెళ్ళాలి. నలభైని నలభై ఎనిమిదితో కట్టు. పందొమ్మిది శాతం, అది కూడా దిగిన షాట్ బండిని చంపేస్తుందని ఉదారంగా ఒప్పుకుంటే. ఐదు ఆటల్లో నాలుగు సార్లు ఫెయిల్ అయ్యే ప్లాన్ వేసుకుని అది ఫెయిల్ అయితే డైస్‌ని తిట్టడం, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే ఉంది మరి.

ఆ ఐదు సేవ్‌లు మాత్రం ఒప్పుకుంటా. ఐదు డైస్‌లో నాలుగో ఐదో ఒకట్లు పడే ఛాన్స్ 7776లో 26, అంటే దగ్గర దగ్గర మూడొందల సార్లకి ఒకసారి. అది నిజమైన దెబ్బ, దానికి నీ దగ్గర మందు లేదు, నా దగ్గరా లేదు. కాకపోతే ఒక ఆటలో ఇద్దరూ కలిసి ఎన్ని వందల డైస్ వేస్తారో ఆలోచించు, అన్ని వేసేచోట ఇలాంటి వింత ఎక్కడో ఒకచోట పడకపోతేనే ఆశ్చర్యం. మనం గుర్తుపెట్టుకునేది మన ఒకట్లనీ అవతలివాడి ఆరుల్నీ. మూడో టర్న్‌లో నీ చిన్న స్క్వాడ్ ఐదు సేవ్‌లకి ఐదూ పాస్ అయిందని నువ్వే రాశావ్, ఏదో దారిన పోతూ అన్నట్టు ఒక ముక్కలో, అదెందుకు లక్ లెక్కలోకి రాలేదో నాకు చెప్పు.

నేను చెప్పేది ఒకటే, డైస్ ఏం పడుతుందో నీ చేతిలో లేదు కానీ డైస్‌ని ఎక్కడ, ఎన్నిసార్లు, ఏ విషయానికి అడగాలో మొత్తం నీ చేతిలోనే ఉంది. నీ టర్న్ మొదలవ్వగానే ముందు అసలు డైస్ అడగని పనులన్నీ అయిపోవాలి. అబ్జెక్టివ్ (పట్టుకుంటే పాయింట్లొచ్చే చోటు) మీదకి మనుషుల్ని జరపడం, అవతలి తుపాకులకి కనపడకుండా దాక్కోవడం, వాడి దారికి అడ్డంగా ఒక పనికిరాని యూనిట్‌ని నిలబెట్టడం, ఇవేవీ ఫెయిల్ అవ్వవు. కవర్‌ని, అంటే గోడల చాటుని, చిన్నచూపు చూడకు, మామూలు తూటాలకి 4+ సేవ్ కాస్తా 3+ అయితే చచ్చేవాళ్ళు మూడో వంతు తగ్గుతారు, అసలు కనపడకపోతే సేవ్ వేసే పనే లేదు, ఒకట్లు పడే అవకాశమే వాడికివ్వలేదు నువ్వు. బ్లడ్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లాంటి బొమ్మల ఆట) కొన్నాళ్ళు ఆడితే ఈ అలవాటు బాగా ఒంటబడుతుంది, ఎందుకంటే అందులో ఒక్క డైస్ తప్పితే టర్న్ అక్కడితో బంద్, కాబట్టి అందరూ ఖాయమైన పనులు ముందు చేసి రిస్క్ ఉన్నవి చివరికి పెట్టుకుంటారు. అక్కడ అవతలివాణ్ణి గుద్దడానికి రెండు బ్లాక్ డైస్ వేసినా రెండూ పుర్రెలే (అంటే మనవాడే కింద పడేలా) పడే ఛాన్స్ 36లో 1 ఉంది, అది సరిగ్గా బాల్ పట్టుకుని గీత దాటబోయే టైమ్‌కే పడినట్టు అనిపిస్తుంది అందరికీ.

కాల్చే వరస కూడా చూసుకో. ఒకే టార్గెట్‌ని కొట్టగలిగే యూనిట్ ముందు కాల్చాలి, ఎక్కడికైనా తిప్పగలిగేది ఆఖర్న. ముందువాళ్ళు పని పూర్తి చేస్తే ఆఖరి యూనిట్ ఇంకో టార్గెట్‌కి ఫ్రీ, పూర్తి చెయ్యకపోతే అది వెళ్ళి మిగిలింది తుడిచేస్తుంది. నువ్వు సరిగ్గా తిరగేసి చేస్తావ్, అన్నిటికన్నా పెద్ద గన్ ముందు పేల్చాలని నీకు ఆత్రం. అలాగే ఏ పనికైనా సరిపడా కాదు, ఒకటిన్నర రెట్లు పెట్టు. నీ ఇరవై తుపాకుల స్క్వాడ్ ఉంది కదా, 3+ హిట్, 4+ వూండ్, అవతల 4+ సేవ్, సగటున మూడు నాలుగు మంది పోవాలి, అది చూసి ముగ్గురున్న యూనిట్ మీదకి అదొక్కదాన్నే వదిలేస్తావ్. కానీ ఆ ఇరవై తూటాలకి ఒక్కడే పోవడమో, అసలెవడూ పోకపోవడమో జరిగే ఛాన్స్ 13 శాతం. ఏడెనిమిది సార్లకి ఒకసారి. దాన్ని శని అనకు, సగటు అంటే అంతే. వెనకాల ఇంకో యూనిట్ సిద్ధంగా ఉంటే 13 శాతం నిన్నేం చెయ్యదు.

గొలుసు రోల్స్ దగ్గర మరీ జాగ్రత్త. 2+, మళ్ళీ 2+, ఆ తర్వాత 3+, వినడానికి అన్నీ తేలికే కదా. మూడూ వరసగా పాస్ అయ్యే ఛాన్స్ 46 శాతం. నేను చూసిన పెద్ద పెద్ద ఓటములన్నీ ఇలాంటి తేలిక రోల్స్ మీదే జరిగాయి, కష్టమైన రోల్ దగ్గర ఎవడైనా జాగ్రత్తగానే ఉంటాడు.

రీరోల్ పాయింట్, అంటే ఒక రోల్ మళ్ళీ వేసుకోవడానికి ఖర్చు పెట్టే పాయింట్, దాని గురించి. కోపంతో వాడకు. అది ఒక ఫేజ్‌లో (టర్న్‌లోని ఒక్కో దశలో) ఒక్కసారే దొరికేది, నువ్వేమో ఏదో ఒక మామూలు షాట్ తప్పగానే అహం దెబ్బతిని వాడేస్తున్నావ్, అదే ఫేజ్‌లో తర్వాత ఆట తిప్పే రోల్ వస్తే చేతులు కట్టుకుని కూర్చుంటున్నావ్. ఆ పాయింట్ 2+ రోల్ మీద పెడితే 83 శాతం పనిచేస్తుంది, 6 పడాల్సిన దాని మీద పెడితే 17. అయినా ఒక్కోసారి ఆ 6 మీదే పెట్టాలి, అది పడితే ఆట నీదయ్యేటప్పుడు.

ఇప్పుడు అసలు జబ్బు దగ్గరికొస్తా. నాలుగు ఒకట్లు పడ్డాక నువ్వేం చేశావో నీ మెసేజ్‌లోనే ఉంది, చదువుకో. కమాండర్‌ని తీసుకెళ్ళి ఒంటరిగా ముందుకి తోశావ్, ఇప్పుడైనా పడుతుందిలే అని. డైస్‌కి ముందు పడినవి గుర్తుండవురా, నాలుగు ఒకట్లు పడ్డాయని అయిదోది మంచిది పడాలన్న అప్పు ఏమీ లేదు దానికి. శకుని పాచికలు మోసమే, ఒప్పుకుందాం, కానీ ధర్మరాజు పోయిందల్లా ఒక్క పందెంలోనే పోలేదు కదా, పోయిన కొద్దీ ఇంకా పెద్దది ఒడ్డుతూ వెళ్ళాడు. నీ రెండో టర్న్‌లో జరిగింది దురదృష్టం, మూడో టర్న్‌లో జరిగింది ఇది. అప్పటికి స్కోర్ ఎంత అని అడిగితే చెప్పలేకపోయావ్. వాడు ఒక్క నాలుగు పాయింట్లే ముందున్నాడట, మీ ఫోటోలో స్కోర్ షీట్ కనపడుతోంది. ఐదు రౌండ్ల ఆటలో రెండో రౌండ్‌కి నాలుగు పాయింట్లంటే అసలు ఓటమే కాదు.

అలాంటి దెబ్బ తగిలినప్పుడు నేనొకటి చేస్తా, నువ్వూ చేసి చూడు. చేతిలో డైస్ ట్రేలో పెట్టేసి, చచ్చిన బొమ్మల్ని మెల్లగా ఒక్కోటీ తీసి పక్కన వరసగా నిలబెట్టి, లేచి టేబుల్ చుట్టూ తిరిగి అవతలివాడి వైపు వెళ్ళి వంగి, వాడి బొమ్మల తలల ఎత్తు నుంచి నా సైన్యాన్ని చూస్తా. అటు నుంచి చూస్తే నీకు భయంగా కనిపించిన వాడి ఎడమ పక్క ఇద్దరే ఉంటారు, నీ చివరి స్క్వాడ్ ఏదో వాడికి పెద్ద తలనొప్పిలా నిలబడి ఉంటుంది. అవతలివాడికి ముందే చెప్పు ఒక్క నిమిషం చూసుకుంటానని, ఎవరూ కాదనరు.

డైస్ మీద అనుమానం ఉంటే అదీ తీర్చేసుకో. గుండ్రటి మూలల మామూలు డైస్ క్యాసినో డైస్ అంత కచ్చితంగా ఉండవు, నిజమే. ఉప్పు బాగా కలిపిన నీళ్ళలో తేలించి గిల్లితే ఎప్పుడూ ఒకే ముఖం పైకొస్తోందనుకో, లోపల బుడగ ఉన్నట్టు. లేదా ఓపికుంటే ఒక్క డైస్‌ని 600 సార్లు వేసి రాసుకో, ఒక్కో అంకె వందకి అటూ ఇటూ, ఎనభై నుంచి నూట ఇరవై లోపు ఉంటే దాన్ని అనుమానించకు. వీటన్నిటికన్నా తేలికైంది, ఇద్దరూ ఒకే డైస్ సెట్‌తో ఆడండి. అప్పుడు డైస్‌ది తప్పు అనే మాటే రాదు. వేసే ముందు ఏం కావాలో పైకి చెప్పు, వంకరగా ఆనుకుని ఆగిన డైస్ మళ్ళీ వెయ్యాలా వద్దా అన్నది ఆట మొదట్లోనే తేల్చుకోండి. కొత్తగా పెయింట్ వేసిన బొమ్మ మొదటి టర్న్‌లోనే చస్తుందన్న నమ్మకం మాత్రం ఉంచుకో, దానికి లెక్కలు లేవు గానీ సరదాగా ఉంటుంది.

ఇంకో మాట, ఆట అంతా అయ్యాక అవతలివాడి ముందు నా డైస్ నా డైస్ అని అదే పనిగా ఏడవకు. వాడు నీ ఛార్జ్ దారి మూసేలా బండిని సరిగ్గా అక్కడ నిలబెట్టాడు, అది లక్ కాదు, ఆ మెచ్చుకోలు వాడికివ్వు. అలాగే వాడికి ఒకట్లు పడిన రోజు నువ్వు శాతాలు చెప్పకు, తన్నులు తింటావ్.

డైస్ లేకపోతేనే బాగుండు అన్నావ్ కదా. 1824లో ప్రష్యాలో రైస్విట్జ్ సైనికాధికారుల కోసం చేసిన యుద్ధ క్రీడలోనే డైస్ ఉంది, అసలు యుద్ధంలో ఆర్డర్ ఇచ్చినంత మాత్రాన పని జరగదు కాబట్టి. తర్వాత 1876లో వెర్డీ దు వెర్నువా డైస్ తీసేసి అనుభవం ఉన్న అంపైర్ ఏం తేలిస్తే అదే అన్న పద్ధతి తెచ్చాడు. నీకు ఇప్పుడు డైస్ మీద కోపం, అప్పుడైతే అంపైర్ మీద కోపం, అంతే తేడా. డైస్ అస్సలు వద్దంటే చదరంగం ఉంది, అందులో నువ్వు నాతో ఎప్పుడూ గెలవలేదు.

వచ్చే ఆటకి ఆ రిజర్వ్ యూనిట్‌ని నేల మీదే మొదలెట్టు. ట్యాంక్ ఒక్కటే కాదు, అలాంటిదే రెండోది పెట్టు, నాలుగు షాట్లలో ఒక్కటైనా దిగే ఛాన్స్ 63 శాతానికి వెళ్తుంది. సైన్యం కూర్చుకునే పాయింట్లు చాలవంటే ఆ రెక్కల కెప్టెన్‌ని తీసెయ్, ప్రతి ఆటలో రెండో టర్న్‌కల్లా చస్తున్నాడు ఎలాగూ. సైన్యం లిస్ట్ రాసి రేపు పంపు, ప్లాన్‌లో ఏ ఏ రోల్స్ తప్పనిసరో పక్కన శాతాలు వేసి పంపు, అవి లేకుండా పంపితే చూడను.

నీ మావయ్య