కాకి బావ, చిలకమ్మ: ఎగిరారా, ఎగిరాయా?

సందేహం: మా పాప కోసం అంత్యప్రాసలతో ఒక బొమ్మల కథ రాస్తున్నాను. రెండు పిట్టలు సముద్రం చూడ్డానికి పోతాయి. ‘కాకి బావ లేచాడు, కండువా వేశాడు’, ‘చిలకమ్మ వచ్చింది, చెవిలో గుట్టు చెప్పింది’ అని రాసి, మూడో పేజీలో ‘ఇద్దరూ కలిసి ఎగిరారు’ అన్నాను. పిట్టలు కదా, ‘రెండూ ఎగిరాయి’ అనాలని మా ఆడపడుచు అంటోంది. ఏది ఒప్పు?

సమాధానం: మీ కథకు మీరు రాసిందే ఒప్పు. ఆడపడుచు మాటకూ ఆధారం లేకపోలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రకారం స్త్రీలు, తిర్యక్కులు, జడాలు కాక మిగిలినవే మహత్తులు, అంటే ‘లేచాడు’ అని ‘డు’ పుచ్చుకునే మాటలు. తిర్యక్కులంటే పశుపక్ష్యాదులు, జడాలంటే ప్రాణం లేనివి. కాబట్టి చెట్టు మీది కాకి ‘లేచింది’, కాకులు ‘లేచాయి’.

కానీ అదే సూరి కథల పుస్తకం నీతిచంద్రికలో కాకి పేరు ‘లఘుపతనకము’, వలతో సహా ఎగిరిపోయిన పావురాల రాజు పేరు ‘చిత్రగ్రీవుడు’. రెండూ పిట్టలే, ఒకదానికి ‘ము’, ఇంకోదానికి ‘డు’! కథలోకి వచ్చిన పిట్ట మనిషి హోదా పుచ్చుకోవచ్చన్నమాట. మీరు కాకిని బావను చేసి కండువా కూడా కప్పారు. ఇక ‘లేచింది’ అంటే పిల్లలే నవ్వుతారు.

అసలు చిక్కు చిలకమ్మతో వచ్చింది. తెలుగులో ఏకవచనంలో ఆడమనిషికీ పిట్టకీ క్రియ ఒకటే: అమ్మ వచ్చింది, చిలక వచ్చింది. అందుకే రెండో పేజీలో ఎవరికీ అనుమానం రాలేదు. బహువచనంలో దారులు చీలతాయి: అమ్మలు వచ్చారు, చిలకలు వచ్చాయి. తెలంగాణ మాటలో వచ్చిన్రు, వచ్చినయ్ అన్నా తేడా ఇదే. సంఖ్య కూడా క్రియతో పాటే నడవాలి. ‘ఇద్దరూ ఎగిరారు’ సరే, ‘రెండూ ఎగిరాయి’ సరే. ‘ఇద్దరూ ఎగిరాయి’ మాత్రం కుదరదు. దారిలో ఊరికే కనిపించే కొంగలకు మాత్రం ‘చూశాయి’ అనే ఉంచండి.

అడగకపోయినా ఒక మాట. లేచాడు–వేశాడు, వచ్చింది–చెప్పింది... క్రియ చివరే వచ్చే మన భాషలో ఈ ప్రాస అప్పనంగా దొరుకుతుంది, నాలుగు పేజీలకే చెవికి విసుగు. అక్కడక్కడ నామవాచకాలతో ముగించి చూడండి: ‘ఎగిరి ఎగిరి కాలవ గట్టు, గట్టు దాటితే తాటిచెట్టు’ అన్నట్టుగా.

చివరి పేజీలో గూట్లో పిల్లలుంటే మళ్లీ ఇదే పేచీ వస్తుంది. పక్షి పిల్లలైతే ‘నిద్రపోయాయి’. చిలకమ్మగారి పిల్లలైతే ‘నిద్రపోయారు’.