ఆపరేషన్ ముందు సిగరెట్ ఒక్కసారిగా మానేస్తే కఫం పెరుగుతుందా?

ప్రశ్న: నా వయసు 52. రోజుకు పది సిగరెట్ల దాకా కాలుస్తాను. గజ్జలో హెర్నియా ఉంది. ఐదు వారాల్లో ఆపరేషన్ చేస్తామని, ఈలోపు సిగరెట్ మానేయమని డాక్టర్ చెప్పారు. కానీ ‘ఆపరేషన్ ముందు ఒక్కసారిగా ఆపితే కఫం పెరిగి ఊపిరితిత్తులకు ప్రమాదం, మెల్లగా తగ్గించుకో’ అని మా బావగారు అంటున్నారు. ఎవరి మాట వినాలి? అప్పటిదాకా ఖైనీ వేసుకోవచ్చా?
– ఓ పాఠకుడు, ఏలూరు

జవాబు: మీ బావగారి మాట వెనక కొంత కథ ఉంది. ఒకప్పుడు డాక్టర్లకూ ఇదే అనుమానం ఉండేది. 1989లో బైపాస్ సర్జరీ చేయించుకున్నవారిపై వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, ఆపరేషన్‌కు రెండు నెలల్లోపు సిగరెట్ మానినవారికి ఊపిరితిత్తుల ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. తర్వాత ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే ఆ భయానికి ఆధారం దొరకలేదు. మానిన కొత్తలో కొందరికి దగ్గు, కళ్లె కాస్త పెరిగిన మాట నిజమే. అయినా కాలుస్తూ ఆపరేషన్ టేబుల్ ఎక్కడం కన్నా అది మేలు. కాబట్టి ఈ రోజే ఆపేయండి.

మీకు ఐదు వారాలు ఉండటం అదృష్టం. నాలుగు వారాలు, అంతకు మించి మానినవారిలో ఆపరేషన్ తర్వాత సమస్యలు తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ స్థానాన్ని ఆక్రమిస్తుంది. మానిన ఒకటి రెండు రోజుల్లోనే అది చాలావరకు పోతుంది. గాయం మానే శక్తి పెరగడానికి మూడు, నాలుగు వారాలు కావాలి. ఊపిరితిత్తులు తేరుకోవడానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. హెర్నియాలో ఇది మరీ ముఖ్యం. దగ్గిన ప్రతిసారీ కుట్లపై, లోపల అమర్చిన మెష్ (సన్నని వల)పై ఒత్తిడి పడుతుంది. పొగ తాగేవారిలో గాయానికి ఇన్ఫెక్షన్, హెర్నియా మళ్లీ రావడం కూడా ఎక్కువే.

ఖైనీ వద్దు. రక్తనాళాలను బిగించే నికోటిన్ అందులోనూ ఉంది, నోటి క్యాన్సర్ ముప్పు అదనం. తట్టుకోలేకపోతే మీ డాక్టర్‌ను అడిగి నికోటిన్ గమ్ వాడండి. దాన్ని చూయింగ్ గమ్‌లా అదేపనిగా నమలకూడదు. నెమ్మదిగా నమిలి, ఘాటు తగలగానే చిగురుకు, బుగ్గకు మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. వేసుకునే ముందు పావుగంట టీ, కాఫీ తాగకండి. తాగితే నికోటిన్ సరిగా ఒంటబట్టదు. ఆపరేషన్ రోజు వేసుకోవచ్చో లేదో మత్తు డాక్టర్‌నే అడగండి.

టీ గురించి ఇంకో మాట. పొగ వల్ల కెఫీన్ ఒంట్లోంచి త్వరగా పోతుంది. మానేశాక అన్నే టీలు తాగితే కెఫీన్ ఎక్కువసేపు నిలిచి గుండెదడ, నిద్రలేమి వస్తాయి. చాలామంది దీన్ని సిగరెట్ లేని టెన్షన్ అనుకుని మళ్లీ అంటిస్తారు. టీలు సగానికి తగ్గించండి. మలబద్ధకం కూడా రావచ్చు. ముక్కడం హెర్నియాకు మంచిది కాదు గనుక నీళ్లు, ఆకుకూరలు, పీచు ఎక్కువ తీసుకోండి. మొదటి రెండు, మూడు రోజులు ఎక్కువ కష్టం. ఆ తర్వాత ఒక్కో కోరిక కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. మాట సాయం కావాలంటే కేంద్ర ఆరోగ్య శాఖ ఉచిత నంబరు 1800-11-2356 ఉంది.

మధ్యలో ఒకటి కాల్చినా మత్తు డాక్టర్ దగ్గర దాచకండి. ఇంట్లోవాళ్లు పక్కనే ఉంటే వాళ్లను బయటికి పంపి చెప్పండి, ఫర్వాలేదు.

ఈలోపు గజ్జలోని ఉబ్బు లోపలికి వెళ్లకుండా గట్టిపడి, తీవ్రమైన నొప్పి, వాంతులు మొదలైతే ఆపరేషన్ తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.