జాలరిపేటలో సాయంత్రపు బడి: ఒక్క ఏడాదితో పిల్లలకు ఏం మిగులుతుంది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. విశాఖపట్నం రుషికొండలో ఉద్యోగాలు చేస్తున్న మీరు నలుగురు మిత్రులు కలిసి, బడి విడిచాక రోజూ రెండు గంటలు జాలరిపేట పిల్లలను కూర్చోబెట్టి చదివించాలనుకుంటున్నారు. ఒక ఏడాది నడిపితే మార్కుల్లో తేడా వస్తుందా, వచ్చిన తేడా పెద్దయ్యాక కూడా నిలుస్తుందా అన్నది మీ సందేహం. నేను ఉపాధ్యాయురాలిని కాను, బ్యాంకు ఉద్యోగిని. పెదజాలరిపేటలో రామాలయం పక్కనున్న ఒక రేకుల షెడ్డులో 2009 జూన్ నుంచి వారానికి మూడు సాయంత్రాలు పిల్లల దగ్గర కూర్చుంటున్నాను. అంతకు మించిన అర్హత నాకు లేదు కాబట్టి చూసినంతవరకే రాస్తాను.

ముందు మార్కుల సంగతి. పెరుగుతాయి, అదీ మీరు అనుకున్నదానికంటే త్వరగానే పెరుగుతాయి. అక్కడి పిల్లల్లో చాలామంది రెండో తరగతి దగ్గరే ఎక్కడో ఒక మెట్టు తప్పి ఉంటారు. ఆ మెట్టు ఏదో కనిపెడితే మిగతాది వాళ్లే ఎక్కేస్తారు. మొదటి ఏడాది నా దగ్గరికి వచ్చిన ఏడో తరగతి పిల్లవాడొకడు అందరితో కలిసి పాఠం గడగడా చదివేవాడు. ఒంటరిగా చదివించిన రోజున అసలు విషయం బయటపడింది. ఒత్తులున్న మాట వచ్చినప్పుడల్లా గొంతు తగ్గించి, పక్కవాడి గొంతులో తన గొంతు కలిపేయడం వాడు ఎప్పుడో నేర్చుకున్నాడు. అయిదేళ్లుగా బడిలో ఎవరికీ దొరకకుండా అలాగే నెట్టుకొచ్చాడంటే వాడి తెలివి ఎంతటిదో ఆలోచించండి.

వాచకం పక్కన పెట్టి వాడికి చేపల పేర్లతో ఒత్తులు మొదలుపెట్టాను. రొయ్య, సొర్ర, నెత్తళ్లు, పండుగప్ప అని పలక మీద రాసి పక్కన బొమ్మలు గీశాను. "ఇది పండుగప్ప కాదక్కా, నువ్వు గీసింది చందువ" అని వాడు నన్ను దిద్దాడు. ఆ సాయంత్రం నుంచి వాడు నాకు చేపలు, నేను వాడికి ఒత్తులు నేర్పుకోవడం అనే ఒప్పందం కుదిరింది. రొయ్యలోని యవత్తు నుంచి సముద్రంలోని రవత్తుకు, అక్కడి నుంచి వాచకంలోని సంస్కృత పదాలకు చేరేసరికి సంక్రాంతి వచ్చింది. పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి వెలువరిస్తున్న అసర్ నివేదికల గురించి మీరు వినే ఉంటారు. రెండో తరగతి స్థాయి పాఠం ఒకటి చేతికిచ్చి పై తరగతుల పిల్లల చేత చదివించే ఆ పద్ధతి పల్లెటూళ్ల సర్వే కోసం తయారైనది. నగరం నడిబొడ్డున, లాసన్స్ బే కాలనీకి కూతవేటు దూరంలో ఉన్న మా పేటలోనూ అది అచ్చంగా సరిపోయింది. మీరు కూడా మొదటి వారం పాఠాలు చెప్పకండి. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చదివించండి.

ఆ పిల్లవాడు తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాడు. వాళ్లమ్మ షెడ్డు దాకా వచ్చి, "రేపట్నుంచి మావోడు రాడమ్మా. ఆళ్ల బావ బోటు మీదికి ఎల్తాడు. నువ్వేటీ అనుకోకు" అని చెప్పి వెళ్లిపోయింది. మార్కులే కొలమానమైతే వాడి విషయంలో మా రెండేళ్ల శ్రమ సున్నా. అప్పట్లో నేనూ అలాగే లెక్కవేసుకుని బాధపడ్డాను. వాడి సంగతి మళ్లీ వస్తుంది.

ఒక ఏడాది చాలునా అన్న మీ అసలు ప్రశ్నకు నా జవాబు చాలదనే. చాలకపోవడం ఒక్కటే అయితే పరవాలేదు, కొన్నిసార్లు అది చెరుపు కూడా చేస్తుంది. పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలన్న నిబంధన 2014 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చాక, ఒక సంస్థ నుంచి పదిమంది యువకులు మా షెడ్డుకు వచ్చారు. మంచివాళ్లే. ఒకే రంగు టీషర్టులు వేసుకుని ఆరు శనివారాలు వచ్చి, పిల్లలకు ఆటలు నేర్పి, ఫోటోలు తీసుకుని, ఏడో శనివారం నుంచి మానేశారు. వాళ్లలో ఒకరికి బాగా చేరువైన ఆరో తరగతి పిల్లవాడు ఆ తర్వాత రెండు నెలలపాటు ప్రతి శనివారం గుమ్మంలోనే కూర్చునేవాడు. చివరికి ఒకరోజు "నాకు లెక్కలు రావని రావడం మానేశాడా అక్కా" అని అడిగాడు. అమెరికాలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అనే సంస్థ పిల్లలకు ఒక్కొక్క పెద్దమనిషిని తోడుగా జతచేస్తుంది. ఆ జతలను పరిశీలించి జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ 2002లో ప్రచురించిన పరిశోధనలో, ఏడాదికి పైగా సాగిన జతల్లోనే ఎక్కువ మేలు కనబడిందని, మూడు నెలలలోపే తెగిపోయిన వాటిలోని పిల్లలకు తమ మీద తమకున్న విలువ మునుపటికంటే తగ్గిందని తేలింది. ఆ సంగతి నేను చాలా ఆలస్యంగా చదివాను. చదివినప్పుడు గుర్తుకొచ్చింది గుమ్మంలో కూర్చున్న ఆ పిల్లవాడే.

ఇక నిలిచేది ఏమిటన్న మాట. నా దగ్గర రెండు పుస్తకాలున్నాయి. ఒకటి హాజరు పట్టీ. రెండోది 200 పేజీల మామూలు నోటుపుస్తకం, మా దగ్గర చదువుకుని వెళ్లిపోయినవాళ్లు ఎప్పుడు ఫోన్ చేశారో, ఏ పని మీద చేశారో అందులో తేదీ వేసి రాసుకుంటాను. మొదట్లో బ్యాంకు అలవాటు కొద్దీ రాశాను. ఇప్పుడు మా పని ఫలించిందో లేదో చూడాలంటే నేను తిరగేసేది ఆ పుస్తకాన్నే. పాలిసెట్ కౌన్సెలింగ్‌లో ఏ బ్రాంచి పెట్టాలి, పీఎఫ్ డబ్బు ఎలా తీసుకోవాలి, చీటీ పాడుకోవడం మంచిదా బ్యాంకులో అప్పు మంచిదా, అన్నయ్య తాగుడు మాన్పించడానికి ఎక్కడికి తీసుకెళ్లాలి, పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగమంటూ డబ్బు అడుగుతున్నారు, ఇవ్వవచ్చా వంటి ప్రశ్నలతో అది నిండిపోయింది. మన ఇళ్లలో ఇలాంటివి అడగడానికి ఒక మేనమామో, పక్కింటి గుమాస్తాగారో ఉంటారు. మనం వాళ్లను వనరు అనుకోము, చుట్టం అనుకుంటాం. ఆ పేటలో పుట్టిన పిల్లకు అటువంటి చుట్టరికం పుట్టుకతో రాదు. సాయంత్రపు బడి పదేళ్లు నడిస్తే పిల్లలకు దక్కే ఆస్తి నా దృష్టిలో ఇదే.

ఒక ఉదాహరణ చెప్తాను. 2017లో మా దగ్గరి ఎనిమిదో తరగతి అమ్మాయి ఎన్‌ఎంఎంఎస్ పరీక్షలో ఎంపికైంది. అది తక్కువ ఆదాయం గల కుటుంబాల నుంచి వచ్చి ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదువుతున్న పిల్లలకు కేంద్రం ఇచ్చే ఉపకార వేతనం. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా సంవత్సరానికి 12,000 రూపాయలు, మొత్తం 48,000. మేధాశక్తి పరీక్షలో 90 ప్రశ్నలు, పాఠ్యాంశాల పరీక్షలో 90 ప్రశ్నలు దాటుకుని వచ్చిన పిల్ల, దరఖాస్తు దగ్గర ఆగిపోయింది. బడి రిజిస్టరులో ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో వెనకుంది, బ్యాంకు ఖాతాలో అసలు లేనే లేదు. మీసేవ చుట్టూ, బడి చుట్టూ, మా బ్యాంకు చుట్టూ ఆమెను వెంటబెట్టుకుని నాలుగుసార్లు తిరిగాను. మొదటిసారి కౌంటరు దగ్గర నా వెనకాల నిలబడి "అక్కా, ఇప్పుడేటి సెయ్యాల?" అని గుసగుసగా అడిగిన పిల్ల, నాలుగోసారి తానే ముందుకు వెళ్లి, "సార్, ఈ రెండు కాగితాల్లో పేరు ఒకటే, ఇంటిపేరు జాగా మారింది, చూడండి" అని విడమర్చి చెప్పింది. మరుసటి ఏడాది రెన్యువల్‌కు నన్ను పిలవలేదు. ఇంటర్ అయ్యాక నర్సింగ్‌లో చేరింది. ఇప్పుడు వాళ్ల వీధిలో ఎవరికి ఏ కాగితం తేడా వచ్చినా ఆమె దగ్గరికే వెళ్తారని విన్నాను.

నెగ్గినవాళ్ల సంగతులే చెబితే మీరు మోసపోతారు. 2012లో తొమ్మిదో తరగతి చదువుతున్న మరో అమ్మాయి వరుసగా మూడు వారాలు రాలేదు. అప్పుడు బ్యాంకులో సంవత్సరాంతం లెక్కల హడావిడి, పైగా ఇంట్లో జ్వరాలు. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకున్నాను. వెళ్లేసరికి పెళ్లి అయిపోయి, ఆమె భీమిలి వైపు అత్తవారింట్లో ఉంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లకు పెళ్లి చేయడం నేరమని నాకు తెలుసు, ఎవరికి చెప్పాలో కూడా తెలుసు. తెలియనిదల్లా ఆమె ఎందుకు రావడం లేదన్నదే, అది తెలుసుకోవడానికి పది నిమిషాల నడక చాలేది. ఇప్పటికీ ఎదురుపడితే ఆప్యాయంగా పలకరిస్తుంది. ఆ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తము. అప్పటి నుంచి మా షెడ్డులో వరుసగా మూడు రోజులు రానివాళ్ల ఇంటికి నాలుగో రోజు ఎవరో ఒకరం వెళ్లి తీరాలన్న నియమం పెట్టుకున్నాం. హాజరు పట్టీ ఉన్నది అందుకే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి మా రేకులన్నీ ఎత్తుకుపోయింది. ఆ దెబ్బ నుంచి నెల తిరిగేలోగా తేరుకున్నాం. 2020లో వచ్చిన విరామమే నిజంగా దెబ్బతీసింది. బడులు మూతపడ్డాక పదమూడు పద్నాలుగేళ్ల మగపిల్లలు పడవలెక్కారు. వేట డబ్బు ఒకసారి చేతిలో పడ్డాక బెంచీ మీద కూర్చోవడం ఎవరికైనా కష్టమే. వరుసగా రెండేళ్లు పదో తరగతి పరీక్షలు రద్దయి అందరూ ఉత్తీర్ణులయ్యారు. ఆ పాసైనవాళ్లలో కొందరు ఇంటర్ మొదటి ఏడాది పుస్తకం తెరిచి, అందులో ఒక్క ముక్కా అర్థంకాక, ఎవరికీ చెప్పకుండా మానేశారు. వాళ్లలో నలుగురిని మేము వెనక్కి తెచ్చి కంచరపాలెం ఐటీఐలో చేర్పించగలిగాం. మిగతావాళ్లు రాలేదు.

ఇప్పుడు ఒత్తుల పిల్లవాడి సంగతి. బడి మానేశాడు గానీ షెడ్డు మానలేదు. బోటు లేని సాయంత్రాల్లో వచ్చి చివర కూర్చుని దినపత్రిక చదువుకునేవాడు. చేపల వేట నిషేధ కాలంలో మత్స్యకారులకు ప్రభుత్వం అప్పట్లో ఇచ్చిన 10,000 రూపాయల భృతి జాబితాలో ఒక ఏడాది అతని పేరు రాలేదు. తన అర్జీ తానే రాసుకుని, ఫోటో తీసి, సరిగ్గా ఉందో లేదో చూడమని నాకు పంపాడు. అరపేజీ అర్జీలో రెండు తప్పులున్నాయి. 'మత్స్యకారుడు' అన్న మాటలో తకారం కింద సవత్తు, దాని కింద యవత్తు మాత్రం ఎక్కడివక్కడ వేశాడు. హాజరు పట్టీ ప్రకారం అతను మా దగ్గర చదువు మధ్యలో ఆపేసినవాడు.

ఇదంతా మా వల్లే జరిగిందని నేను ప్రమాణం చేయలేను. పదేళ్లపాటు మమ్మల్ని అంటిపెట్టుకుని ఉన్న పిల్లలు సహజంగానే పట్టుదల గలవాళ్లేమో, మేము లేకపోయినా నిలదొక్కుకునేవాళ్లేమో. పోల్చి చూసుకోవడానికి మా దగ్గర రెండో పేట లేదు. మీరు నలుగురూ లెక్కల మనుషులు కాబట్టి ఈ సందేహం మీకు రాకముందే చెప్పేస్తున్నాను.

నిజంగా మొదలుపెడితే కొన్ని చిన్న సంగతులు గుర్తుంచుకోండి. ఒక్కొక్కరికీ ఆరేడుగురికి మించి పిల్లలను పెట్టుకోకండి. రోజూ వస్తామని చెప్పి తప్పడం కంటే వారానికి రెండు రోజులే అని చెప్పి, ఆ రెండు రోజులూ వాన పడినా రండి. తల్లులు తెల్లవారకముందే ఫిషింగ్ హార్బరుకు వెళ్లి చేపలు కొని, పగలంతా అమ్ముకుని వస్తారు కాబట్టి ఆడపిల్లల చంకలో తమ్ముడో చెల్లెలో ఉంటుంది. చంటిపిల్లలు రాకూడదన్నారంటే ఆడపిల్లలే రారు. మేము ఒక మూల చాప వేసి, గుప్పెడు బొమ్మలు పడేశాం. ఉడకబెట్టిన శనగలకు, పుస్తకాలకు అయ్యే ఖర్చు నలుగురు ఉద్యోగస్తులకు బరువు కాదు. మీలో ఒకరికి బదిలీ అయితే ఆ ఆరుగురు పిల్లలు ఎవరి దగ్గరికి వెళ్తారో ఇప్పుడే తేల్చుకోండి, పిల్లలకూ ముందే చెప్పండి.

మొదటిసారి పేటకు వెళ్లడానికి జూన్ దాకా ఆగవద్దు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. తండ్రులు ఇళ్ల దగ్గర దొరికేది ఆ రోజుల్లోనే. ఎండ తగ్గాక ఒడ్డున పడవల నీడలో వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. వెళ్లి పక్కన కూర్చోండి, మాటలు వాళ్లే మొదలుపెడతారు.